మొగ్గ తొడగని వరసలు

తమ్ముడి సంచి సర్దడం అక్కకు రోజూ ఉన్న పనే. అయినా ప్రతి సాయంత్రం దూరప్రయాణానికి పంపుతున్నట్టే సర్దేది. అడుగున మడిచిన దుప్పటి, దాని మీద అన్నం డబ్బా, డబ్బా ఒరగకుండా పక్కన నీళ్ళ సీసా, మందుబిళ్ళల డబ్బీ, మఫ్లరు. అన్నిటికన్నా పైన, పాత తువ్వాలులో చుట్టిన ఎర్ర లైటు. గాజు ఎక్కడ పగులుతుందోనని తువ్వాలు కొసలు లోపలికి దోపి, పైనుంచి ఒకసారి తడిమి చూసేది. గుమ్మం దాకా వెళ్ళి సంచి అతని చేతికిచ్చి, మళ్ళీ తీసుకుని ఇంకోసారి చూసేది.

"అక్కా, నేను పోయేది పూల షెడ్డుకి. చంద్రమండలానికి కాదు."

"చంద్రమండలానికైతే మఫ్లరు ఇంకా కావాలి. మెడకు చుట్టుకో."

అతను చుట్టుకున్నాడు. ఫోటో స్టూడియో చీకటి గదిలో ఫోటోలు కడుగుతూనే జుట్టు నెరిసిన మనిషి. వేళ్ళ కొసలు ఇప్పటికీ మందునీళ్ళలో నానినట్టు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. స్టూడియో మూసేసిన రోజు యజమాని ఏం కావాలో తీసుకోమంటే అతను తెచ్చుకున్నది ఆ లైటొక్కటే. బ్యాటరీ పెట్టి వెలిగేలా మార్చుకున్నాడు. తోటలో రాత్రి కాపలా పని దొరికాక, మూడో షెడ్డు నడిమధ్య నీళ్ళ వాల్వు పక్కనున్న స్తంభం మేకుకి దాన్ని తగిలించి, ట్యాంకు నిండేదాకా కింద స్టూలేసుకుని కూర్చునేవాడు.

"అక్కడ కూర్చుంటే నాకు మా చీకటి గదిలో ఉన్నట్టే ఉంటుందక్కా," అన్నాడు ఒకసారి. అలా అన్నప్పుడు అతని మొహం చూసి, ఈ పని ఇప్పించినందుకు అక్క మనసులో దండం పెట్టుకుంది. ఎవరికి పెట్టుకుందో ఆమెకే తెలియదు.

అతను మలుపు తిరిగేదాకా చూసి లోపలికి రాబోతుంటే పక్క గది వదిన వచ్చి గుమ్మానికి ఆనుకుంది. వదినంటే చుట్టం కాదు. తోటలో చేరిన రోజున ఇద్దరూ షెడ్డును చీకటి చేసే నల్ల తెర చెరో కొసా పట్టుకుని, ఏమని పిలుచుకోవాలో తెలియక ఒకరినొకరు వదినా అనుకున్నారు. అదే స్థిరపడిపోయింది.

"పెద్ద సంచి ఉందా వదినా నీ దగ్గర? జిప్పు ఊడింది కాకుండా, మంచిది."

"దేనికి?"

"మేస్త్రీ సర్దుకోమన్నాడు."

వదినే చెప్పింది, చెంగుతో మెడ తుడుచుకుంటూ, ఎవరి సంగతో చెప్పినట్టు. మిగతా షెడ్లన్నిట్లో చామంతులు మొగ్గ తొడిగాయి. మూడో షెడ్డులో నడిమి బాట పక్క వరసలు ఆకులేస్తూ, మెడలు సాచి పెరుగుతున్నాయే తప్ప మొగ్గ ఊసే లేదు. కోతకు ఒప్పుకున్న వేళకి పూలు రావు. తెర సరిగ్గా లాగకపోతేనే అలా అవుతుందని మేస్త్రీ తేల్చాడు. మూడో షెడ్డు తెర లాగేది వీళ్ళిద్దరే. ఒక పొద్దున వదిన వైపు తెర అంచున అరచేతి వెడల్పు సందు కనిపించిందట.

"పొద్దున గాలికి జరిగిందయ్యా అన్నాను. వింటేగా! ఎదురు మాట్లాడతావా అన్నాడు. అంటే ఎదురుగా ఉన్నావు కనక ఎదురే మాట్లాడతాను, వీపు వెనక మాట్లాడే అలవాటు లేదన్నాను."

"అలాగే అన్నావా?"

"అలాగే అన్నాను. అక్కడితో అయిపోయింది." వదిన నవ్వబోయి ఆపుకుంది. "పనితో పాటే గది. శనివారం బస్సుకి పోతాను. కూతురింట్లో హాల్లో పక్కేసుకోవాలి. అల్లుడు టీవీ ఆపేదాకా పడుకోడానికి చోటుండదు. పగలు ఎక్కడ కూర్చోవాలో ఇంకా ఆలోచించలేదు."

అక్క మంచం కింద నుంచి సంచి లాగి, దుమ్ము దులిపి, జిప్పును చివరిదాకా లాగి చూసి ఇచ్చింది. చేతులు అందించాయి గాని మనసు అందించలేదు.

మర్నాడు, శుక్రవారం పొద్దున, తెర రెండో కొస మేస్త్రీయే పట్టుకున్నాడు. తెర తీయడం మనుషులు అనుకున్నంత తేలిక కాదు. షెడ్డు పొడవునా తీగల మీద వేలాడే బరువైన నల్ల గుడ్డ అది. ఇద్దరూ ఒకే అడుగు వేస్తే గాని జరగదు. ఒకరు ముందు పడితే తీగకి చిక్కుకుంటుంది, ఒకరు వెనకబడితే భుజం లాగేస్తుంది. వదినతో నడిచేటప్పుడు అక్క తన అడుగు సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. మేస్త్రీ రెండంగల్లో ముందుకు పోయేవాడు, చిక్కు పడగానే అక్క వైపు చూసేవాడు. షెడ్డు చివరికి వచ్చేసరికి ఆమె కుడి భుజం చెవి దాకా నొప్పెట్టింది.

"ముసలితనం వచ్చేసిందే నీకు!"

"మీకూ దారిలోనే ఉంది లెండి. బస్సు దొరకలేదు, అంతే," అంది అక్క ఊపిరి తీసుకుంటూ.

అప్పుడే పరిశోధన కేంద్రం నుంచి మొక్కల డాక్టరమ్మ వచ్చింది. చిన్న పిల్ల. మోకాళ్ళ దాకా బూట్లు, జేబులో భూతద్దం. మేస్త్రీ ఆమెను తెర అంచు దగ్గరికి తీసుకెళ్ళబోతే, ఆమె తెర వైపే చూడకుండా బాట మధ్యన మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక్కో మొక్క కొసను రెండు వేళ్ళతో విప్పి చూస్తూ, బాట పక్క నుంచి గోడ దాకా పోయింది. మళ్ళీ గోడ నుంచి బాట దాకా వచ్చింది.

"తప్పు తెర సందుదైతే గోడ పక్క వరసలు చెడాలండీ. అవి నిక్షేపంలా మొగ్గ వేశాయి. చెడ్డవి బాట పక్కవి. లోపల ఎవరైనా లైటు వేస్తున్నారా?"

"ఎవరు వేస్తారమ్మా? రాత్రి కాపలా మనిషికి ఆకుపచ్చ లైటు ఉండేది. అది పాడైంది, కొత్తది ఇంకా రాలేదు. తెల్ల లైటు వేయొద్దని చెప్పాం. వెయ్యడు. చీకట్లోనే తిరుగుతాడు. పాత ఫోటోల మనిషి, అలవాటే."

అక్క పక్కనే వంగి రాలిన ఆకులు ఏరుతోంది. తల ఎత్తకుండా అడిగింది.

"మొక్కకి కళ్ళుంటాయా అమ్మా, లైటు వేశారో లేదో తెలియడానికి?"

"కళ్ళు లేవు పెద్దమ్మా. ఆకులో ఒక ప్రొటీన్ ఉంటుంది. వెలుతురు పడిందా, ఏ రంగుది పడింది, అని మొక్కకు చెప్పేది అదే. ఎరుపు పడగానే లేచి కూర్చుంటుంది. లేచి ఊరుకోదు. కణం నడిబొడ్డుకు పోయి, ఈ పని చెయ్యి, ఆ పని ఆపు, అని పెత్తనం మొదలుపెడుతుంది."

"మా మేస్త్రీ గారిలా."

డాక్టరమ్మ నవ్వింది. మేస్త్రీ నవ్వలేదు.

"చీకటి పడ్డాక అదే నెమ్మదిగా నిద్రలోకి జారుతుంది. రాత్రి పొడుగైతే పూర్తిగా పడుకుంటుంది. అప్పుడు ఆపేవాళ్ళు లేరు కనక చామంతి మొగ్గ వేస్తుంది. మీరు వెలుగుండగానే తెర లాగేది, దానికి రాత్రి పొడుగు చేయడానికే. నడిమధ్యలో దాన్ని ఎవరైనా లేపితే, ఒక పొడుగు రాత్రి రెండు పొట్టి రాత్రులైపోతుంది. ఇంకా వేసవే కాబోలనుకుంటుంది పిచ్చిమొక్క. ఆకులేస్తుంది, పొడుగు పెరుగుతుంది. పూత మాటెత్తదు."

అక్క చేతిలోని ఆకులు చేతిలోనే ఉండిపోయాయి.

"ఏ లైటైనా లేపుతుందా?"

"అన్నీ ఒకటి కాదు. ఆకుపచ్చను పెద్దగా పట్టించుకోదు. అందుకే మీకు ఆకుపచ్చది ఇస్తారు. బాగా లేపేది ఎరుపే. మనకు గుడ్డి వెలుతురులా కనిపించేది కూడా దానికి సరిపోతుంది."

"లేచినదాన్ని పడుకోబెట్టలేమా?"

డాక్టరమ్మకు ఆ ప్రశ్న నచ్చినట్టుంది. బూటు మీది మట్టి దులుపుకుంటూ తీరిగ్గా చెప్పింది. "పెట్టచ్చు. ఎరుపుకి అవతల, మన కంటికి ఆనీ ఆనని ముదురు ఎరుపు ఒకటుంది. అది పడితే మళ్ళీ పడుకుంటుంది. మా ల్యాబులో ఇదొకసారి అదొకసారి వేసి చూస్తాం. ఎన్నిసార్లు లేపి పడుకోబెట్టినా, ఆఖరున ఏది పడిందో దానికి అదే లెక్క. ముందువన్నీ మర్చిపోతుంది."

అక్క బాట పొడవునా చూసింది. రోజూ చూసేదే. వాల్వు పక్క స్తంభానికి మేకు. మేకు కింద ఖాళీ స్టూలు. దాని చుట్టూ మొక్కలు అన్నిటికన్నా పచ్చగా, ఏపుగా, ఒక్క మొగ్గైనా లేకుండా నిలబడి ఉన్నాయి. అక్కడి నుంచి దూరం జరిగిన కొద్దీ ఒకటీ అరా మొగ్గలు, ఇంకా దూరాన నిండుగా మొగ్గలు. మధ్యలో ఎవరో కూర్చుని ఉంటే చుట్టూ మనుషులు మూగినట్టుగా ఉంది ఆ పచ్చదనం. ఆమె స్టూలు వైపు నుంచి చూపు తిప్పేసుకుంది, తను చూస్తే ఇంకొకరూ చూస్తారేమోనని.

"నాకైతే తెర తప్పులా లేదు," అంటోంది డాక్టరమ్మ. "ఆకులు తీసుకెళ్ళి, రోగమేమైనా ఉందేమో కూడా చూస్తాను. సోమవారం వస్తాను. కాపలా ఆయన్నీ ఉండమనండి. అప్పటిదాకా ఎవరినీ ఏమీ అనకండి."

"అనాల్సింది అనేశానమ్మా," అన్నాడు మేస్త్రీ.

సాయంత్రం అక్క సంచి సర్దింది. దుప్పటి, అన్నం డబ్బా, నీళ్ళ సీసా, మందుబిళ్ళలు, మఫ్లరు. లైటును తువ్వాలుతో సహా అటక మీద, పాత గిన్నెల వెనక పెట్టింది. సంచి తేలిగ్గా ఉందని అతనికి చేతిలోకి తీసుకోగానే తెలిసింది.

"లైటేదక్కా?"

"గాజు బీటిచ్చింది. అతికించాక ఇస్తాలే."

"ఏదీ, నేను చూస్తా."

"వేళవుతోంది, పో. తర్వాత చూద్దువుగాని."

అతను పోయాడు. పక్క గదిలో వదిన ఏదో సామాను జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. అక్క రెండుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్ళింది. చెబితే వదిన గది వదినకుంటుంది. మరి తమ్ముడో? అతనికి ఈ గది తప్ప గది లేదు, ఈ పని తప్ప పని లేదు. ఎక్కడికని పోతాడు? సోమవారం ఎలాగూ ఆ పిల్ల వచ్చి చెబుతుంది, తెర తప్పు కాదని. అప్పుడు వదినను పిలుస్తారు. నా నోటితో నేను చెప్పనక్కర్లేదు. ఇలా అనుకుని రెండుసార్లూ వెనక్కి వచ్చి కూర్చుంది.

శనివారం పొద్దున డ్యూటీ దిగిన తమ్ముడు నిద్ర కూడా పోకుండా వదిన సంచి భుజానికెత్తుకున్నాడు. ముగ్గురూ బస్టాపుకి నడిచారు. వదిన చేతిలో చీపురు, బకెట్టు ఉన్నాయి. వాటిని వదిలేసి రావడానికి ఆమె మనసొప్పలేదు.

"ఏమయ్యా, మీ అక్క నన్ను వదినా అంటుంది. ఆ లెక్కన నేను నీకేమవుతానో ఎప్పుడైనా ఆలోచించావా?"

"అదంతా మాకెందుకులెండి," అన్నాడు తమ్ముడు చెవులు ఎర్రబడి.

"చూశావా వదినా, ఈ వయసులో కూడా సిగ్గే! పెద్దవాళ్ళం కనక బావగారి అక్కనని సర్దుకుందాంలే."

అక్క నవ్వలేకపోయింది. బస్సు దుమ్ము రేపుతూ వచ్చి ఆగింది. తమ్ముడు సంచి లోపల పెట్టి, కిందికి దిగి, కిటికీ దగ్గర నిలబడి మఫ్లరు విప్పుకుంటూ అన్నాడు.

"మీ తెరలో ఏ లోపమూ లేదండీ. నేను రాత్రంతా లోపలే ఉంటాగా. ఎక్కడా సూది మొనంత వెలుతురు దూరదు. ఎవరి ముందైనా చెబుతాను."

"నువ్వొక్కడివైనా అన్నావు నాయనా," అంది వదిన.

ఇంజను మోగుతోంది. చెప్పడానికి అదే ఆఖరి వీలు. అక్క కిటికీ చువ్వ పట్టుకుంది. వదిన ఆమె మొహంలోకి చూసింది.

"ఏంటి వదినా?"

"నీళ్ళ సీసా పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా."

బస్సు కదిలింది. చువ్వ చేతిలోంచి జారిపోయింది.

సోమవారం డాక్టరమ్మ షెడ్డు బొమ్మ గీసుకుని వచ్చింది. మేస్త్రీ, తమ్ముడు, అక్క వాల్వు దగ్గర నిలబడ్డారు. ఆకుల్లో రోగం లేదంది. ఎరువులో తేడా లేదంది. వెలుతురు లోపలిదేనంది. తమ్ముడి వైపు తిరిగి మర్యాదగా అడిగింది.

"లోపలికి వచ్చేటప్పుడు మీ చేతిలో ఏమైనా లైటుంటుందాండీ?"

"ఉండేదండీ. ఎర్ర లైటు. దాంతో ఏ భయమూ లేదు." అతను చటుక్కున హుషారయ్యాడు. చాలా కాలానికి తనకు తెలిసిన సంగతి ఎవరో అడిగారు. "తెల్లది ఒక్క రెప్పపాటు పడినా ఫోటో కాగితం నల్లగా మాడిపోతుంది. ఎరుపైతే దాని కింద గంటలు గంటలు పని చేసుకోవచ్చు. పెళ్ళిళ్ళ ఫోటోలన్నీ ఆ వెలుతురులోనే కడిగానండీ, ఒక్కటి చెడలేదు. చీకట్లో ఉన్నవాటికి హాని చేయని వెలుతురు అదొక్కటే."

పైన తెర తీగ గాలికి సన్నగా మోగింది. తమ్ముడు ఒక్కొక్కరి మొహమే చూశాడు. అక్క మొహం దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆకులు ఏరడానికి వంగింది.

డాక్టరమ్మ గొంతు తగ్గించి చెప్పింది. ఫోటో కాగితానికి ఎరుపు కనిపించదని, మొక్కకు బాగా కనిపించేది అదేనని. మీ తప్పు కాదండీ, మీకెవరూ చెప్పలేదు అని రెండుసార్లు అంది. అతను విన్నాడు. మేకును చూశాడు, కింద స్టూలును చూశాడు, చుట్టూ ఏపుగా పెరిగిన పచ్చటి మొక్కలను చూశాడు. ఒక మొక్క కొసను రెండు వేళ్ళతో, తడి ఫోటోను అంచున పట్టుకున్నట్టుగా పట్టుకుని వదిలేశాడు.

"సరేలే, అయిందేదో అయింది," అన్నాడు మేస్త్రీ. "రాత్రికి వేరే మనిషిని ఎక్కడ వెతకను? ఆ లైటు మాత్రం ఇక తేకు."

అంతే. తిట్టలేదు, పొమ్మనలేదు. నాలుగు రోజులుగా అక్క గుండెల మీద మోసిన బండ అంత చిన్న మాటతో దొర్లిపోయింది. ఆమె మడి గట్టు మీద కూర్చుంది.

"మరి ఆవిడ?" అన్నాడు తమ్ముడు.

"ఎవరు? వెళ్ళిపోయిన మనిషిని మళ్ళీ బతిమాలి పిలవాలా? తనంతట తను వస్తే పని ఉంది. గదీ ఉంది. కబురు పంపే తీరిక నాకు లేదు."

"నేను తీసుకొస్తాను."

ఇంటికి వచ్చాక అతను అటక వైపు చూశాడు. ఎక్కడుందని అడగలేదు. మంచం ఎక్కి, గిన్నెలు జరిపి, తువ్వాలు మూట దించాడు. గాజు మీద వేలితో చుట్టూ రాశాడు. బీట ఎక్కడా లేదు.

"శుక్రవారం నా సంచిలో ఇది లేదక్కా."

అక్క పొయ్యి దగ్గర నిలబడి ఉంది. వెనక్కి తిరగలేదు.

"శనివారం కదా ఆవిడ బస్సెక్కింది. సంచి నేనే మోశాను. కిటికీ దగ్గర నిలబడి ఏమేమో గొప్పలు కూడా చెప్పాను." లైటును మళ్ళీ తువ్వాలులో చుడుతూ అడిగాడు. "నీకు ముందే తెలుసా?"

"లేదు," అంది అక్క.

అతను ఆ రాత్రి డ్యూటీకి చేతులూపుకుంటూ వెళ్ళాడు. మంగళవారం పొద్దున వచ్చి, స్నానం చేసి, మడత చొక్కా వేసుకున్నాడు. అక్క సంచి సర్దింది. ఈసారి నిజంగానే ఊరికి. చొక్కాలు ఎన్ని పెట్టాలని అడిగితే, ఉన్నవి రెండేగా, రెండూ పెట్టు అన్నాడు. పైన లైటు అతనే పెట్టుకున్నాడు.

"అదెందుకు?"

"చూపిస్తే గాని ఆవిడ నమ్మదు."

బస్టాపులో అక్క సంచి తీసుకుని తడిమి చూసింది. మళ్ళీ ఇచ్చింది. మందుబిళ్ళలు ఏ మూలనున్నాయో చెప్పింది. చెప్పాల్సింది నాలుక మీదే ఉంది. బస్సు వచ్చింది.

"మఫ్లరు చుట్టుకో. రేపటికల్లా వచ్చేయ్."

అతను తల ఊపాడు.

బుధవారం సాయంత్రం తెర లాగి అక్క తిన్నగా బస్టాపుకి వెళ్ళింది. బస్సు ఆగింది. ముందు బకెట్టు దిగింది, తర్వాత చీపురు, తర్వాత వదిన. అక్క ఆమె భుజం మీదుగా మెట్ల వైపే చూస్తూ నిలబడింది. తలుపు మూసుకుని బస్సు వెళ్ళిపోయింది.

"వాడేడీ?"

"రాలేదా?" అంది వదిన. "నిన్ననే బయల్దేరాడే. గుమ్మంలో నిలబడే చెప్పాడంతా. కూర్చోమంటే కూర్చోలేదు. మా అల్లుడు టీవీ ఆపేసి మరీ విన్నాడంటే చూడు. తప్పు నాది, మీ గది మీకుంది, వెళ్ళండి అన్నాడు. రేపు పొద్దున కలిసే పోదామంటే, నాకు వేరే పనుందన్నాడు." బకెట్టులోంచి తువ్వాలు మూట తీసి అక్క చేతిలో పెట్టింది. "ఇది నీకివ్వమన్నాడు."

గురువారం సాయంత్రం ఇద్దరూ మూడో షెడ్డు తెర చెరో కొసా పట్టుకున్నారు. అడుగు కలిసింది. గుడ్డ తీగల మీద నూనె రాసినట్టు జారింది. సగం దూరం పోయాక, స్తంభం దగ్గర, వదిన ఆగకుండానే అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది వదినా?"

"శుక్రవారం."

వదిన అడుగు తప్పలేదు. తెర చివరిదాకా లాగి, అంచు మేకుకి తగిలించి, సందు లేదని చేత్తో తడిమి చూసింది. తర్వాత అక్క వైపు వచ్చి అక్కడా తడిమి చూసింది. ఆ పని అంతకు ముందెప్పుడూ చేయలేదు.

"పద," అంది. ఆ రోజుకి అంతే మాట్లాడింది.

బాట పక్క వరసలు ఆలస్యంగా మొగ్గ తొడిగాయి. స్తంభం చుట్టూ ఉన్నవి అన్నిటికన్నా ఆఖరున పూశాయి. వాటిని ఆ ఇద్దరే కోశారు.

తమ్ముడు మంగళవారం పొద్దుటి బస్సుకి వెళ్ళాడు. బుధవారం రాలేదు. కోతలకి రాలేదు. ఆ ఏడు రాలేదు, మరుసటి ఏడు మూడో షెడ్డుకి కొత్త తెరలు కట్టినప్పుడూ రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.